స్పార్క్ ప్లగ్గులు ఇంట్లో మార్చుకోవచ్చా? ఈ20 పెట్రోలు, పడిపోయిన మైలేజీ, మెకానిక్ మాట: చిక్కు ఎక్కడుంది

ఈ మధ్య విశాఖలో కారున్నవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, మాట మైలేజీ మీదికి పోతోంది. "ఇదివరకు పద్దెనిమిది ఇచ్చేది, ఇప్పుడు పదిహేను కూడా రావట్లేదు, అంతా ఈ20 మహిమే" అని ఒకరంటే, "పెట్రోలు కాదు గురూ, ప్లగ్గులు మార్పించు" అని ఇంకొకరు. ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కూడా ఇదే చర్చ. కింద ఫ్లాట్లో ఉండే లెక్కల మాస్టారు (రిటైరై చాలా ఏళ్లయింది) నాలుగు కొత్త ప్లగ్గులు కొని, వీడియోలు చూసి, పానా కూడా తెచ్చుకున్నారు. వాళ్ల అల్లుడు మాత్రం ఫోన్లో ఒకటే గోల: "మావయ్యగారూ, దాని జోలికి పోవద్దు. మర పోయిందంటే హెడ్ విప్పాలి." (మర అంటే ప్లగ్గు తిరిగి బిగుసుకునే గాడి, హెడ్ అంటే ఆ గాడి ఉండే ఇంజన్ పైమూత.)

మాస్టారు నన్నడిగారు, ఇద్దరిలో ఎవరిది నిజమని. ఇద్దరిదీ నిజమే. ప్లగ్గు మార్చడం నిజంగానే చిన్న పని, అందులో హెడ్ పోగొట్టుకునే అవకాశం కూడా నిజంగానే ఉంది. ఈ రెండూ ఎలా కుదురుతాయో, అసలు మైలేజీకి ప్లగ్గుకి సంబంధం ఎంతో మొదటి నుంచి చూద్దాం. డీజిల్ కారు వాళ్లకి ఈ బాధ లేదు, డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు. మనవాళ్లు హీటర్ ప్లగ్గు అనేది స్టార్టింగ్‌కి సాయపడే వేరే వస్తువు.

ఒక ప్లగ్గు ఎన్ని కోట్ల సార్లు వెలుగుతుంది

పెట్రోలు ఇంజన్‌లో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి ఒక నిప్పురవ్వ పడాలి. అది పుట్టించేదే స్పార్క్ ప్లగ్గు. మధ్యలో ఒక సన్నని కడ్డీ, దాని చుట్టూ తెల్లటి పింగాణీ, పక్క నుంచి వంగి వచ్చిన ఇంకో కడ్డీ. ఈ రెండు కడ్డీల మధ్య ఖాళీనే గ్యాప్ అంటాం. చాలా కార్లలో అది 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే, దాన్ని ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులకి, అవసరమైతే 20 వేలు దాటి కూడా పెంచుతుంది. అప్పుడే కరెంటు ఆ ఖాళీని దూకుతుంది.

ఎన్నిసార్లు దూకుతుందో ఒక లెక్క వేద్దాం. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక సిలిండర్‌లో ఒక్కసారి రవ్వ పడుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకోండి. నిమిషానికి ఒక కిలోమీటరు వెళ్తున్నాం కాబట్టి కిలోమీటరుకి 1,000 రవ్వలు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లొస్తే ఒక్కో ప్లగ్గు 50 వేలసార్లు పైనే వెలిగిందన్నమాట. 40 వేల కిలోమీటర్లకి నాలుగు కోట్లు. రవ్వ దూకిన ప్రతిసారీ కడ్డీ అంచు నుంచి కంటికి కనిపించనంత లోహం ఊడిపోతుంది. పదునుగా ఉన్న అంచు గుండ్రంగా అరుగుతుంది, గ్యాప్ పెరుగుతుంది. ప్లగ్గు ముసలిదవ్వడం అంటే ఇదే.

అరిగిన ప్లగ్గు ముందు ఘాట్ రోడ్డులో ఎందుకు దొరికిపోతుంది

గ్యాప్ పెరిగితే దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినా ఎక్కువ వోల్టేజీ కావాలి. ఈ రెండూ కలిసినప్పుడు కాయిల్ చేతులెత్తేస్తుంది. అందుకే అరిగిన ప్లగ్గులున్న కారు బీచ్ రోడ్డు మీద బానే పోతుంది. అదే కారులో నలుగురు కూర్చుని, ఏసీ వేసి, సింహాచలం కొండ ఘాట్ రోడ్డు ఎక్కండి. పై గేరులో యాక్సిలరేటర్ నొక్కగానే చిన్నచిన్న కుదుపులు మొదలవుతాయి. మన మెకానిక్కులు "మిస్సింగ్ కొడుతోంది" అనేది దీన్నే. అంటే ఒకటో రెండో సిలిండర్లలో రవ్వ పడలేదు, లోపలికి వెళ్లిన పెట్రోలు కాలకుండానే బయటికి పోయింది.

ఇక్కడ కుదుపు కంటే పెద్ద చిక్కు ఒకటుంది. కాలని పెట్రోలు నేరుగా క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగని శుభ్రం చేసే భాగం) వెళ్లి అక్కడ మండుతుంది, దాని లోపలి జాలీ కరిగిపోయేంత వేడి పుడుతుంది. ప్లగ్గుల ధర ఎంత, కన్వర్టర్ ధర ఎంత! డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే చాలా కార్లలో అర్థం ఇదే. ఆ స్థితిలో "ఇంటిదాకా పోనిద్దాం" అని హనుమంతవాక నుంచి గాజువాక దాకా తోలకండి.

మైలేజీ పడిపోతే తప్పు ఈ20దా, ప్లగ్గుదా

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్, 80 శాతం పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులతో మొదలైంది. మొదట 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే చేరుకున్నారు. అప్పటి నుంచే ఈ గొడవ. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదాని కంటే దాదాపు మూడోవంతు తక్కువ. దాని మీద ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా రోడ్డు మీద అది ఎంతగా కనిపిస్తుందన్న దాని మీదే.

మాస్టారికి చెప్పిన లెక్కే చెప్తాను. లీటరు పెట్రోలులో శక్తి 100 అనుకుంటే ఇథనాల్‌లో 66. ఇదివరకు వాడిన ఈ10లో 90కి 6.6 కలిపితే 96.6. ఈ20లో 80కి 13.2 కలిపితే 93.2. తేడా మూడున్నర శాతం. ఈ10 మీద 18 ఇచ్చిన కారు, శక్తి లెక్కన, ఈ20 మీద 17.4 దగ్గర ఉండాలి. ఇథనాల్‌కి ఆక్టేన్ (రవ్వ పడకముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ కాబట్టి, దానికి తగ్గట్టు ట్యూన్ చేసిన ఇంజన్ అయితే ఆ నష్టంలో కొంత తిరిగి రాబట్టుకుంటుందని కంపెనీల వైపు వాదన. పాత కార్లకి ఆ ట్యూనింగ్ లేదు కదా, పైగా ఇథనాల్‌కి రబ్బరు గొట్టాలు పాడైతే సంగతేమిటని యజమానుల వాదన. రెండింట్లోనూ పస ఉంది. అయితే 18 కాస్తా 15 అయిందంటే పడింది పదహారు శాతం పైమాటే. అంత నష్టాన్ని ఈ20 నెత్తిన రుద్దితే లెక్క కుదరదు. టైర్లలో గాలి, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర రోజూ సాయంత్రం ట్రాఫిక్, పట్టేసిన బ్రేకు, ఆ తర్వాత ప్లగ్గులు, ఇంకేదో ఉండాలి.

ప్లగ్గు వాటా ఎంత? ఇక్కడ చాలామంది పొరబడతారు. కొంచెం అరిగినా రవ్వ ప్రతిసారీ పడుతోందంటే మైలేజీ మీద పెద్దగా తేడా ఉండదు, మార్చినా "బండి విమానంలా అయిపోయింది" అనిపించదు. మిస్సింగ్ మొదలైతే మాత్రం కథ మారుతుంది. కాలని గాలిలోని ఆక్సిజన్‌ని సెన్సర్ చూసి, పెట్రోలు తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. నష్టం మీద నష్టం. కాబట్టి "ప్లగ్గులు మారిస్తే మైలేజీ వస్తుంది" అన్న మాట మిస్సింగ్ ఉన్న కారుకి నిజం, లేని కారుకి ఆశ.

నికెల్, ప్లాటినం, ఇరిడియం: డబ్బు మిగిలేది దేనితో

"కాపర్ ప్లగ్గు" అని షాపులో అడుగుతాం కానీ, రవ్వ దూకే అంచు రాగి కాదు, నికెల్ మిశ్రమం. రాగి కడ్డీ లోపలి భాగంలో ఉంటుంది, వేడిని త్వరగా లాగేయడానికి. ఇరిడియం ప్లగ్గులోనూ లోపల ఉండేది రాగే. అసలు తేడా అంచులోనే. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1,768 దగ్గర, ఇరిడియం 2,446 దగ్గర. అంత గట్టి లోహం కాబట్టి ఇరిడియం మొనని చాలా సన్నగా, 0.4 లేదా 0.6 మిల్లీమీటర్ల మందాన చేయగలుగుతున్నారు. మామూలు నికెల్ కడ్డీ రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. మొన ఎంత సన్నగా ఉంటే రవ్వ అంత తక్కువ వోల్టేజీకే దూకుతుంది.

నికెల్‌వి సాధారణంగా 30, 40 వేల కిలోమీటర్లకి మార్చమంటారు, ఇరిడియంవి లక్ష దాకా వస్తాయి. మీ కారుకి ఎంత అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. నికెల్ ఒక్కోటి 150 రూపాయలు, ఇరిడియం 600 అనుకుందాం (లెక్క కోసమే, షాపుని బట్టి మారుతుంది). లక్ష కిలోమీటర్లకి నికెల్ రెండున్నర సెట్లు, అంటే పది ప్లగ్గులు, 1,500 రూపాయలు. ఇరిడియం ఒక సెట్టు, 2,400. కిలోమీటరుకి పైసన్నర, రెండు పైసలు చిల్లర. అంటే వస్తువు ధర వరకే చూస్తే ఇరిడియం చవక కాదు. ప్రతిసారీ మెకానిక్‌కి కూలి ఇచ్చే వాళ్లకి ఆ తేడా తగ్గిపోతుంది. హెడ్‌లో మరని ఎన్ని తక్కువసార్లు కదిలిస్తే అంత మంచిదన్నది ఇంకో లాభం. నా ఓటు అందుకే ఇరిడియంకి. కానీ కంపెనీ నికెల్ వేసిన కారులో ఇరిడియం వేస్తే పికప్ పెరుగుతుందని నేను చెప్పను. ఇరిడియం వేసిన కారులో నికెల్ వేయడం మాత్రం పొరపాటే, ఎందుకంటే మార్చాల్సిన కిలోమీటర్లు వచ్చేలోపే అవి అరిగిపోతాయి.

ఇంకో మాట. ఇరిడియం ప్లగ్గు గ్యాప్‌ని ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని రేకు) దూర్చి సరిచేయబోతే ఆ సన్నటి మొన పుటుక్కుమని విరుగుతుంది. అది ఫ్యాక్టరీలో పెట్టిన గ్యాప్‌తోనే వస్తుంది, కంటితో చూసి వదిలేయాలి.

ప్లగ్గు మీది నంబరులో ఏముంది

ఉదాహరణకి ఎన్‌జీకే వాళ్ల బీకేఆర్6ఈ-11 తీసుకుందాం. బీ అంటే మర వ్యాసం 14 మిల్లీమీటర్లు. కే అంటే పానా పట్టే నట్టు సైజు 16. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, రేడియోలో గరగర రాకుండా, కంప్యూటర్‌కి ఇబ్బంది లేకుండా. 6 అనేది హీట్ రేంజ్. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు.

ఇందులో మర పొడవు తప్పితే ప్రమాదం ఎదురుగానే ఉంది. పొడుగు ప్లగ్గు పడితే పిస్టన్‌కో వాల్వ్‌కో తగలొచ్చు. హీట్ రేంజ్ తప్పితే వెంటనే తెలియదు, అందుకే అది ఇంకా మోసకారి. ప్లగ్గు మొన 500 డిగ్రీల కంటే చల్లగా ఉంటే మసి కాలక పేరుకుంటుంది. 850 దాటితే మొనే నిప్పుకణికలా మారి, రవ్వ పడకముందే పెట్రోలుని అంటిస్తుంది. ఆ వేడిని ఎంత త్వరగా హెడ్‌కి వదిలేస్తుందన్నదే హీట్ రేంజ్. ఇక్కడో తిరకాసు ఉంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన, బాష్‌లో అంకె పెరిగితే వేడి. కాబట్టి ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీది తేవడం కుదరదు, కారు మోడల్, సంవత్సరం చెప్పి సరిపోయే నంబరు అడగాలి. సంవత్సరం ఎందుకంటే, ఒకే పేరుతో వచ్చే కారులోనూ ఇంజన్ మారిపోతుంది. స్విఫ్ట్‌నే చూడండి, 2024 ముందు నాలుగు సిలిండర్లు, ఆ తర్వాతి మోడల్‌లో మూడు. పాత హోండా సిటీ ఐ-డీఎస్ఐలో సిలిండర్‌కి రెండు చొప్పున ఎనిమిది ప్లగ్గులుండేవి!

అల్లుడి భయంలో నిజమెంత: అల్యూమినియం మర

ప్లగ్గు వెలుపలి భాగం ఉక్కు, అది బిగుసుకునే హెడ్ అల్యూమినియం. ఉక్కు గట్టిది, అల్యూమినియం మెత్తనిది. ప్లగ్గుని ఒంకరగా పెట్టి పానాతో తిప్పారంటే ఓడిపోయేది హెడ్డే. వేడెక్కితే అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అందుకే వేడి ఇంజన్ మీద విప్పడం, బిగించడం వద్దంటారు. చేతులు కాలడం ఎటూ ఉంది.

ఎంత బిగించాలన్నది మనకి చేతి అలవాటు మీద వచ్చే విద్య కాదు. 14 మిల్లీమీటర్ల మరకి చాలా కార్లలో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదైతే 15 నుంచి 20 చాలు. 25 న్యూటన్ మీటర్లంటే ఎంత? పాతిక సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. అంతే. చక్రం నట్టుకి చాలా కార్లలో దీనికి నాలుగింతలు కావాలి, స్టెప్నీ మార్చిన చేత్తో అదే ఊపున ప్లగ్గు బిగిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. టార్క్ రెంచి (ఎంత బిగువుతో తిప్పుతున్నామో చూపించే పానా) లేనివాళ్లకి కంపెనీలు ఇచ్చే కొలత ఇంకోటుంది. కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గు, వాషర్ ఉన్నది, చేత్తో తిరిగినంత తిప్పి ఆగాక, పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. ఆ వాషర్ నలిగి కూర్చోవడం చేతికి తెలుస్తుంది. వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే ప్లగ్గుకి మాత్రం చుట్టులో పదహారో వంతే. రెండూ ఒకటే అనుకుంటే మర గోవిందా.

బిగువు ఎక్కువైతేనే కాదు, తక్కువైనా ముప్పే. వదులుగా ఉన్న ప్లగ్గు వేడిని హెడ్‌కి వదల్లేక మాడిపోతుంది.

మర పోతే హెడ్ పారేయాల్సిందేనా? అక్కర్లేదు. కొత్త మర కోసి హెలికాయిల్ (తీగచుట్టలాంటి మర) లేదా బుష్ (మర ఉన్న లోహపు గొట్టం ముక్క) వేస్తారు, ఆటోనగర్‌లో లేత్ పని తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. కానీ లోహపు పొట్టు సిలిండర్‌లో పడకూడదు కాబట్టి జాగ్రత్తపరులు హెడ్ దించే చేస్తారు, ఖర్చంతా అక్కడే. ఇది ఇంట్లో చేసేవాళ్లకే జరుగుతుందనుకోకండి. మూడేళ్ల క్రితం నా కారుకే ఒక షెడ్డులో నట్లు బిగించే మిషనుతో ప్లగ్గులు బిగించారు. తర్వాత విప్పబోతే రెండో ప్లగ్గు మరతో సహా వచ్చింది, దాని మీద వెండి తీగలా అల్యూమినియం చుట్టుకుని ఉంది. ఆ రోజు నుంచే ఈ విషయం మీద నాకు పట్టింపు.

గ్రీజు రాయాలా వద్దా

మర పట్టేయకుండా యాంటీ సీజ్ అనే జారుడు పేస్టు పూసి బిగించాలన్నది చాలామంది పాత మెకానిక్కుల మాట. సముద్రం పక్కనున్న ఊళ్లో తుప్పు ఎంత త్వరగా పడుతుందో చూసినవాళ్లు కాబట్టి వాళ్ల భయానికి అర్థముంది. ఎన్‌జీకే లాంటి కంపెనీలు మాత్రం వద్దంటాయి. వాళ్ల కారణం: ప్లగ్గు మర మీద మెరిసే పూత ఆ పని కోసమే ఉంది, పైగా జారుడు పూస్తే రాపిడి తగ్గి, టార్క్ రెంచి అదే అంకె చూపిస్తున్నా మర మీద లాగుడు ఎక్కువైపోతుంది. పూత లేని నల్లటి పాత రకం ప్లగ్గుల రోజుల్లో మెకానిక్ మాట సరైనదే. ఇప్పటి ప్లగ్గుకి కంపెనీ మాటే నాకు సబబుగా తోస్తుంది.

సిలికాన్ గ్రీజు సంగతి వేరు, దాన్నీ దీన్నీ కలిపేయకండి. అది కాయిల్ కింద రబ్బరు తొడుగు లోపలి అంచుకి కొద్దిగా రాసేది, చెమ్మ చేరకుండా, రబ్బరు పింగాణీకి అతుక్కోకుండా.

విశాఖలో ఇది చిన్న విషయం కాదు. ఉప్పుగాలి, ఏడాది పొడుగునా ఉక్కబోత. రబ్బరు తొడుగు ఎక్కడ చిట్లినా చెమ్మ చేరుతుంది, కరెంటు మొన దాకా పోకుండా పింగాణీ పక్క నుంచే హెడ్‌కి జారిపోతుంది. వాటర్ సర్వీసింగ్‌లో బానెట్ తెరిచి ప్రెషర్ నీళ్లు కొట్టించిన మర్నాడే మిస్సింగ్ మొదలైందంటే ముందు చూడాల్సింది ప్లగ్గు గుంటలో నీళ్లే. ప్లగ్గు విప్పే ముందు ఆ గుంటలో గాలి ఊదేది కూడా ఇందుకే, అక్కడున్న ఇసుకా తుప్పూ సిలిండర్‌లోకి రాలకుండా.

పాత ప్లగ్గుని చదవడం

మెకానిక్ దగ్గర మార్పించినా పాత ప్లగ్గులు వెనక్కి అడిగి తీసుకోండి, ఏది ఏ సిలిండర్‌దో గుర్తుపెట్టి. మొన లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే అంతా బాగానే ఉంది. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ పడుతోంది. నూనె తడి ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అనుమానించాలి. తెల్లగా కాలి పొక్కులు వస్తే వేడి మితిమీరింది. పింగాణీ మీద, లోహం మొదలయ్యే చోట ఉంగరంలా గోధుమ మరక కనిపిస్తే మాత్రం కంగారుపడకండి. గ్యాస్ లీకని చాలామంది పొరబడతారు. ఎక్కువ వోల్టేజీ చుట్టూ గాలిలోని నూనె తుంపర అంటుకుని ఏర్పడేది అది, హాని లేదు.

మిస్సింగ్ ప్లగ్గుదా, కాయిల్‌దా అన్న సందేహం కూడా ఇంట్లోనే తీరుతుంది. మూడో సిలిండర్ అని స్కానర్ (కారు కంప్యూటర్‌లోని తప్పులు చదివే పరికరం) చూపించిందనుకోండి. మూడో కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటోది మూడో దానికి పెడితే, తప్పు ఒకటో సిలిండర్‌కి మారిందంటే కాయిల్ పోయినట్టు. మూడులోనే ఉందంటే ప్లగ్గు చూడాలి, అదీ కాకపోతే ఇంజెక్టరు.

కాయిళ్లు పైకి కనిపిస్తూ, నాలుగు బోల్టులు విప్పితే ప్లగ్గు అందే కారైతే ఇది గంట పని. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) విప్పితే గానీ ప్లగ్గు కనిపించని కారుకీ, లక్ష దాటినా ఒక్కసారి కూడా ప్లగ్గు కదలని కారుకీ నేనైతే మెకానిక్‌నే పిలుస్తాను. వారంటీలో ఉన్న కారుని కూడా ముట్టుకోను, మన చేతిలో మర పోతే అది వారంటీ కిందికి రాదు.

మాస్టారి కారు మొదటి రకం, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆదివారం పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా, నేను పక్కన కూర్చుంటే ఆయనే విప్పారు. ఒకటి, రెండు, నాలుగు గోధుమ రంగులో ఉన్నాయి, గ్యాప్ 1.1 ఉండాల్సింది 1.3కి చేరింది. మూడో కాయిల్ లాగితే రబ్బరు తొడుగు ఉబ్బి, మెత్తగా, నూనె కారుతూ వచ్చింది. ప్లగ్గు మొన పొడిగానే ఉంది, నూనె అంతా పైన గుంటలోనే. అంటే రింగులు కాదు, ట్యాపెట్ కవర్ (హెడ్ మీది మూత) ప్యాకింగ్ లీకు. మాస్టారు ఆ గుంటని గుడ్డతో తుడిచి, కొత్త ప్లగ్గులు అర చుట్టు లెక్కపెట్టుకుంటూ బిగించి, అల్లుడికి ఫోటో పంపారు. ప్యాకింగ్, మూడో కాయిల్ తొడుగు మాత్రం సోమవారం మెకానిక్ దగ్గర వేయించుకున్నారు.